నాలుగు నెలలకే నిండిన ట్యాంకు

జగిత్యాలలో ఆ ఉదయం కూడా చెత్త బండి పాట పాడుకుంటూ వచ్చింది. తడి చెత్త ఒక పక్క, పొడి చెత్త ఒక పక్క వేయించుకుని వెళ్లిపోయింది. కళ్యాణి మోటారు స్విచ్ వేసి, ఖాళీ డబ్బాలు గేటు లోపల పెట్టి, ఫోను అందుకుంది. సిరిసిల్ల నుంచి చెల్లెలు స్రవంతి పంపిన మెసేజును మూడోసారి చదివింది.

రెండిళ్ల ఖర్చులు పక్కపక్కన పెట్టి చూసుకోవడం ఆ అక్కాచెల్లెళ్లకు కొత్త సరదా. నల్లా బిల్లు ఇద్దరికీ ఇంచుమించు ఒకటే. చెత్తకు కట్టేదీ ఒకటే. తేడా అంతా సెప్టిక్ ట్యాంకు దగ్గరే. స్రవంతి ఇంట్లో ఇల్లు కట్టిన అయిదేళ్లకు ఒక్కసారి బండిని పిలిచారు. కళ్యాణి ఇంట్లో ఏడాది తిరక్కుండానే ఇది మూడోసారి. అక్కడా నలుగురే, ఇక్కడా నలుగురే. కాకపోతే ఇక్కడి నాలుగో మనిషి ముత్తవ్వ.

ముత్తవ్వ కళ్యాణి భర్త నవీన్‌కు తల్లి కాదు, తల్లికి అక్క. ఆరేళ్ల నవీన్‌ను వదిలి చెల్లెలు కన్నుమూస్తే, కోరుట్లలో బీడీలు చుట్టి ఆ పిల్లవాణ్ణి పెంచింది, చదివించింది. వేళ్లు వంకర్లు పోయాక బీడీల చాట పక్కన పెట్టి, మూడేళ్ల కిందట ఈ ఇంటికి వచ్చింది. అత్తను భరించడం బాధ్యత, అత్తకు అక్కను భరించడం దయ అని కళ్యాణి అభిప్రాయం. దయ చూపేవారికి చిన్నచూపు చూసే హక్కు దానంతటదే వస్తుందని కూడా ఆమె గట్టిగా నమ్మేది.

ముసలిది గిన్నె కడిగితే బిందెడు నీళ్లు, కాళ్లు కడిగితే బకెట్ నీళ్లు అని లెక్క తీసి, నాలుగు నెలల కిందట కళ్యాణి ఒక ఉపాయం చేసింది. ముత్తవ్వ బకెట్‌కు సరిగ్గా సగానికి గోళ్ల రంగుతో ఎర్రటి గీత గీసింది. స్నానానికి అంతే. ముత్తవ్వ గీతను చూసింది, కళ్యాణిని చూసింది, సరేనంది. అయినా ట్యాంకు నిండింది. అంటే దొంగచాటుగా పోసుకుంటోందన్నమాట. కళ్యాణి మర్నాడే కోరుట్లలో ముత్తవ్వకు ఒక గది మాట్లాడింది. ఆటోకూ చెప్పింది. ఆ సంగతి నవీన్ షర్టు గుండీలు పెట్టుకుంటూ విన్నాడు. ఉన్నవి ఆరు గుండీలే. భార్య మాట్లాడినంతసేపూ పెట్టుకుంటూనే ఉన్నాడు. దాన్ని అతను శాంతం అనుకునేవాడు.

చెత్త బండి వెళ్లిన ఆ ఉదయం, ఆటో కన్నా ముందు ట్యాంకు ఖాళీ చేసే బండి వచ్చింది. డ్రైవర్ హన్మండ్లు పైపు విప్పుతున్నాడు. ముత్తవ్వ చేతిసంచితో అరుగు మీద కూర్చుంది. వాడకట్టులో నలుగురు తొంగిచూస్తున్నారు. కళ్యాణికి కావలసిందీ అదే.

"చూడే హన్మండ్లన్నా. మా చెల్లె ఇంట్ల ట్యాంకు అయిదేండ్లు ఆగింది. మా ఇంట్ల నాలుగు నెలలు ఆగలే. గీమె నీళ్లతోని తానం చేస్తదో, యవుసమే చేస్తదో."

"నేను గీత దాటలే బిడ్డా," అంది ముత్తవ్వ.

"దాటకుంటే గాలి అచ్చి నింపిందా?"

హన్మండ్లు మూత లేపి కర్ర దించాడు. కర్ర తీసి చూశాడు. మళ్లీ దించాడు.

"అక్కా, మోటర్ నడుస్తున్నదా?"

నడుస్తోంది. గంట నుంచీ నడుస్తోంది.

"ఈ ట్యాంకుల అన్ని మంచినీళ్లే. గిప్పుడు గూడ పడుతున్నయి, చూడు. ఇది మనుషులు నింపిన ట్యాంకు గాదు."

అతను గోడ వెంట పైపును వేలితో చూపిస్తూ మేడ దాకా వెళ్లాడు. పై ట్యాంకు నిండాక పొర్లిన నీళ్లు బయటికి పోవడం లేదు. ఆ పైపును ఎవరో బాత్‌రూము పైపుకు కలిపారు. పొర్లిన ప్రతి చుక్కా నేరుగా సెప్టిక్ ట్యాంకులోకే దిగుతోంది.

ఆ ‘ఎవరో’ ఎవరో కళ్యాణికి తెలుసు. నిరుడు పొర్లిన నీళ్లు పక్కింటి శాంత గోడ మీద పడి గొడవైతే, ప్లంబర్‌ను పిలిపించింది తనే. మోరీ కాలువ దాకా వేరే పైపు వేయాలంటే గేటు ముందరి టైల్స్ పగలగొట్టాలన్నాడతను. టైల్స్ పాడవుతాయని, దగ్గర్లో ఉన్నదానికే కలిపేయమంది. ఆ రోజు ముత్తవ్వ ఒక్క మాట అడిగింది: నీళ్లు కింద పడ్డ సప్పుడు వింటేనే కదా మోటర్ బంద్ చేస్త, ఇగ నాకెట్ల తెలుస్తది అని. బీడీలు చుట్టినోళ్లకు పైపుల ముచ్చట ఎందుకని కళ్యాణి నవ్వింది. ఆ తర్వాత ముత్తవ్వ అడగలేదు. తను ఫోనులో ఖర్చులు పోల్చుకుంటున్న ఉదయాలన్నీ ఆ నీళ్లు చప్పుడు లేకుండా దిగుతూనే ఉన్నాయి.

కళ్యాణి లోపలికెళ్లి మోటారు ఆపింది. తప్పును ప్లంబర్ మీదికి తోయాలని చూసింది, నవీన్ మీదికి తోయాలని చూసింది. అది ఎక్కడా ఆగలేదు, తిరిగి తన దగ్గరికే వచ్చింది.

బయటికి వచ్చేసరికి ముత్తవ్వ వంగి సంచి ముడి వేస్తోంది. కొంగు జారింది. మెడ వెనక, చెవుల చాటున, తెల్లని వెంట్రుకల మొదళ్లలో సబ్బు ఎండిపోయి పొలుసులు కట్టి ఉంది.

"అత్తమ్మా, గిదేంది?"

"సగం బకెట్ నీళ్లు ఒంటికైతయి బిడ్డా, తలకు సాలవు. తుడుసుకునుడు అలవాటైంది."

ముసలిదాని దగ్గర వాసన వస్తోందని స్రవంతికి ఫోనులో ఎన్నిసార్లు చెప్పి నవ్విందో కళ్యాణికి గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ అసహ్యించుకున్నది తను చేసిన పనినే. అరుగు కింద, వాడకట్టు చూస్తుండగానే, కూలబడింది.

అప్పుడే ఆటో వచ్చి ఆగింది. నవీన్ మెట్లు దిగి వచ్చి, సంచి అందుకుని, ఆటో వైపు కాక ఇంటి వైపు నడిచాడు.

"తప్పు నాది," అంది కళ్యాణి ఏడుస్తూ. "లోపటికి రా అత్తమ్మా."

ముత్తవ్వ లేవలేదు.

"ట్యాంకు సంగతి తెలిసిందని రమ్మంటున్నవా, నా సంగతి తెలిసిందని రమ్మంటున్నవా?"

కళ్యాణి ముఖం తుడుచుకుంది.

"నా సంగతి నాకు తెలిసిందని రమ్మంటున్న."

ముత్తవ్వ కళ్యాణి భుజం మీద చెయ్యి ఆనించి, మెల్లగా లేచి నిలబడింది.

"ఆటో ఆయిన ఉత్తగ పోతడు, చాయ పొయ్యి," అంది. గడప దగ్గరాగి, లోపల నిలబడ్డ నవీన్‌ను పిలిచింది. "నీళ్లు కాగవెట్టు బిడ్డా. కాగు నిండ వెట్టు. తలకు పోసుకుంట."