నల్లగా వచ్చిన పెళ్లికూతురు

"జయప్రకాశ్ రేపు ఢిల్లీలో సాక్ష్యం చెప్పాలి. ఇవాళ పర్ణశాలలో చనిపోకూడదు. నీ పని అంతే."

భద్రాచలం లాడ్జి గదిలో ఏజెంట్ బలరాం ఫోన్ చెవికి ఆనించుకుని చీఫ్ మాటలు వింటూ ఇడ్లీ తింటున్నాడు. రుచి తెలియడం లేదు. ఏడాదిగా అంతే. కిందటేడు పార్ట్‌నర్ శ్రీధర్ అతని చేతుల్లోనే పోయాడు. ఆ రోజు బలరాం ఏడవలేదు, తర్వాతా ఏడవలేదు. డాక్టర్ 'ఫిట్ ఫర్ డ్యూటీ' అని రాసిచ్చాడు. డిపార్ట్‌మెంట్‌కి అంతకంటే ఏం కావాలి?

"దర్శనం మానుకోమని చెప్పలేమా సార్?"

"మిసైల్ డిజైన్లు విదేశీ ముఠాకి ఎవరు అమ్మారో చెప్పడానికి ఒప్పుకున్నాడు. మొక్కు మానడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఎంత సైంటిస్టయినా వేంసూరు రైతుబిడ్డ, పట్టిన పట్టు వదలడు. హంతకుడు ప్రీ-వెడ్డింగ్ షూట్ వీడియోగ్రాఫర్ వేషంలో వస్తాడు. కెమెరా మీది మైక్‌లో విషపు సూదిని పేల్చే గొట్టం ఉంటుంది. మొహం తెలీదు."

"అందర్నీ చెక్ చేస్తే?"

"మాఘమాసం. ఒడ్డు నిండా వీడియోగ్రాఫర్లే. ఒకణ్ని తడిమామంటే మనకి కావాల్సినవాడు మాయమైపోతాడు."

"ఈ ఇన్ఫర్మేషన్ హేమలతదా?"

"సగం ఆమెదే. మిగతా సగం వాళ్లకి అమ్ముకుందేమో. నమ్మకు."

హేమలత డబుల్ ఏజెంట్. మూడు పాస్‌పోర్టుల్లో మూడు మొహాలు, మూడూ అందమైనవే. శ్రీధర్ చనిపోయిన ఆపరేషన్‌లో ఆమె అక్కడే ఉంది. ఒక్క మాట ముందుగా చెప్పి ఉంటే శ్రీధర్ బతికేవాడు.

మధ్యాహ్నానికి బలరాం పర్ణశాల దగ్గర గోదావరి ఇసుకలో ఉన్నాడు. పెట్టుడు గడ్డం, తిప్పి పెట్టుకున్న టోపీ, జేబుల జాకెట్. వీడియోగ్రాఫర్ వేషం పక్కాగా ఉండాలని చీఫ్ ఒక స్టూడియో నుంచి నిజమైన జంటనే ఇప్పించాడు. చాంది స్టాఫ్ నర్స్. కాబోయే మొగుడు రామ్‌సింగ్ బస్సు కండక్టర్.

వీడియో తీయడం బలరాంకి నేర్పింది శ్రీధరే. సెకనుకు ఇరవై ఐదు ఫ్రేములైతే షట్టర్ సెకనులో యాభయ్యో వంతు. వెలుగుని పెంచి చూపే ఐఎస్ఓ అట్టడుగుకి. అయినా నడి ఎండలో వెలుగు పొంగిపోతుంది కాబట్టి లెన్స్‌కి ఎన్‌డీ ఫిల్టర్ బిగించాలి. అది కెమెరాకు చలవ కళ్లద్దాల లాంటిది. బలరాం అన్నీ అలాగే పెట్టాడు. ఆకాశం నీలంగా నిలిచింది.

చాంది మానిటర్‌లోకి తొంగిచూసింది.

"ఏందన్నా, గిట్ల నల్లగ వచ్చిన? పెండ్లి నాదా, ఆకాశానిదా?"

"కరెక్ట్ ఎక్స్‌పోజర్ ఇదేనమ్మా. ఇంకా పెంచితే ఆకాశం తెల్లగ కాలిపోతది."

"కాలనియ్. మా అత్తగారోళ్లు నన్ను జూస్తరా, ఆకాశాన్ని జూస్తరా?"

"పెంచన్నా జల్దీ," అన్నాడు రామ్‌సింగ్. "లేకుంటే నా పెండ్లే ఆగుతది."

బలరాం ఒక స్టాప్ పెంచాడు, అంటే వెలుగు రెట్టింపు. ఆకాశం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. చాంది బుగ్గలు మెరిశాయి.

"అవ్. గిట్ల రావాలె!"

బలరాం చుట్టూ చూశాడు. ఒడ్డున ఏ మానిటర్‌లో చూసినా ఇదే వరస, తెల్లటి ఆకాశం కింద ధగధగలాడే పెళ్లికూతురు. ఈ వైపు స్టూడియోలన్నిటిదీ ఒకటే శాస్త్రం. గోదావరి పోయినా ఫర్వాలేదు గానీ పెళ్లికూతురు నల్లబడకూడదు.

స్నానాల మెట్లకు ఎదురుగా ఉన్న కెమెరా ఒక్కటే తేడాగా ఉంది. ఆ మానిటర్‌లో ఆకాశం నీలంగా ఉంది, వెనక మెట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. పెళ్లికూతురు మొహం మాత్రం నల్లగా ఉంది. ఆమె వంగి చూసుకుంది.

"సూపర్," అంది.

బలరాం ఉన్నచోటే ఆగిపోయాడు. ఈ ఒడ్డున ఏ పెళ్లికూతురూ ఆ మాట అనదు. ఆ కెమెరామన్ వెలుగు సరిచూసుకున్నది పెళ్లికూతురి కోసం కాదు, మెట్ల కోసం.

మెట్ల పైన కారు ఆగింది. తెల్లజుట్టు జయప్రకాశ్, కొబ్బరికాయల సంచీతో భార్య దిగారు.

"అన్నా, గిది జర పట్టుకో," అని కెమెరా రామ్‌సింగ్ చేతిలో పెట్టి బలరాం నడిచాడు. పరుగెత్తితే పని చెడుతుంది.

"అన్నా, ఒక బ్యాటరీ ఉంటే ఇస్తవా?"

"నో." ఆ మనిషి తల తిప్పలేదు. బొటనవేలు మైక్ కేబుల్ మీది బటన్‌పై ఉంది. మానిటర్‌లో క్రాస్ గుర్తు జయప్రకాశ్ ఛాతీ మీద కుదురుకుంది.

పెళ్లికూతురు తిరిగింది. మేకప్ కింద హేమలత. బలరాంని గుర్తుపట్టింది, నోరు మెదపలేదు. కిందటేడూ ఇలాగే మెదపలేదు. కోపం రావాల్సిన చోటు. రాలేదు. చెయ్యి మాత్రం ముందుకెళ్లి లెన్స్ మీది ఫిల్టర్ రింగ్ పట్టుకుంది. అది వేరియబుల్ ఎన్‌డీ, తిప్పేకొద్దీ వెలుగు తగ్గుతుంది. బలరాం చివరికంటా తిప్పేశాడు.

మానిటర్‌లో పట్టపగలు అమావాస్య అయింది.

హంతకుడు ఉలిక్కిపడి బటన్ నొక్కాడు. బలరాం అప్పటికే ట్రైపాడ్‌ని తన్నాడు. సూది ఇసుకలో దిగింది. మరుక్షణం బలరాం పెన్నులోని మత్తుమందు వాడి మెడలో దిగింది. వాడు మెల్లగా కూలబడ్డాడు.

"ఉపాసమంట. కళ్లు తిరిగినయ్," అన్నాడు బలరాం చుట్టుపక్కల వాళ్లతో.

"నేను మీ వైపే, బలరాం," అంది హేమలత.

"ఎప్పట్నుంచి?"

ఆమె మానిటర్ వైపు చూసింది. "అది నల్లబడ్డప్పట్నుంచి."

మఫ్టీలో ఉన్నవాళ్లు వచ్చి ఆమె పెళ్లిగాజుల పక్కనే బేడీలు వేశారు. చీఫ్ ఫోన్ చేశాడు.

"ఎలా పట్టావ్?"

"పెళ్లికూతురు పోట్లాడలేదు సార్."

వెనక నుంచి చాంది కేక వేసింది. "అన్నా, ఎండ మారుతాంది. మా షూట్ సంగతేంది?"

బలరాం కెమెరా అందుకున్నాడు. చాంది, రామ్‌సింగ్ నవ్వుకుంటూ ఇసుకలో నడుస్తున్నారు. వాళ్ల వెనక జయప్రకాశ్ తడిబట్టలతో, కొబ్బరికాయ గురించి భార్యతో వాదించుకుంటూ మెట్లెక్కుతున్నాడు. బతికే ఉన్నాడు. శ్రీధర్ ఉంటే, "ఆకాశం మొత్తం కాల్చేశావు కదరా," అని తిట్టేవాడు. ఆ తిట్టు తలపుకి రాగానే బలరాం కళ్లు మసకబారాయి. కెమెరా ఊగింది. ఏడాది ఆలస్యంగా, నడి ఎండలో, అతనికి ఏడుపొచ్చింది.

చాంది వచ్చి ఆ టేక్ చూసింది.

"గింత పెద్ద కెమెరా పెట్టుకొని గిట్ల షేక్ జేస్తివేందన్నా? మల్ల తియ్!"

దేశానికి ఒక్క టేక్ సరిపోయింది. చాందికి సరిపోలేదు.