తాతయ్య ఒప్పుకోని కన్నం

నెరిస్‌కి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. కూతురు మాబ్లి నిద్రలో ఉండగా నెత్తిమీది కప్పులోంచి నిప్పు పుట్టడం.

దొంగలంటే భయం లేదు. రాతి కొండల మధ్య ఉన్న బ్లైనై ఊరికి దొంగ వచ్చినా వానకి తడిసి, ఎవరింట్లోనో టీ తాగి పోవాల్సిందే. ఒంటరితనమన్నా భయం లేదు. మాబ్లి కడుపులో ఉండగానే దాని నాన్న లివర్‌పూల్ బస్సెక్కి, వెనక్కి చూడకుండా పోయాడు. ఆ భయం అప్పుడే తీరిపోయింది. చదువు మధ్యలో ఆపేసి బడి వంటింట్లో గరిటె పట్టుకున్నప్పుడూ బెదరలేదు.

కానీ ఇల్లు చిన్నది. మాబ్లి మంచం అటక గదిలో. సరిగ్గా ఆ మంచానికి పైనే, ఏటవాలు కప్పులోంచి, పైనున్న సోలార్ ప్యానెళ్ళ కేబుల్ ఇంట్లోకి దిగుతుంది.

గాలి వీచినప్పుడల్లా అక్కడ టిక్కు టిక్కుమని చప్పుడు. వాన పడితే మెట్ల కింద ఇన్వర్టర్‌లో ఎర్ర లైటు. ఎండ రాగానే మళ్ళీ పచ్చ లైటు, తనకేమీ తెలియనట్టు.

"నీకు నిద్ర చాలక వినిపిస్తోందమ్మాయ్," అన్నాడు తాతయ్య గ్విలిమ్, టీలో చక్కెర కలుపుతూ. "ఆ కప్పు నేను వేసింది. అది చప్పుడు చెయ్యదు."

ఆయన గొప్పలు ఉత్తుత్తివి కావు. ఊళ్ళో సగం ఇళ్ళ మీద రాతి పలకలు పరిచింది ఆయనే. సొంతింటి కప్పైతే చేప పొలుసుల్లా మెరుస్తుంది. దారిన పోయేవాళ్ళని ఆపి మరీ చూపిస్తాడు, మనవరాలి ఫొటో చూపించినట్టు.

అయినా తల్లి మనసు ఊరుకోదు కదా. ప్యానెళ్ళు పెట్టినవాళ్ళకి నెరిస్ ఫోన్ చేసింది.

తలుపు తీసేసరికి గుమ్మంలో టెగిడ్. పోయినేడు వసంతంలో ప్యానెళ్ళు పెట్టి వెళ్ళినవాడే. జుట్టులోంచి వాన కారుతోంది. ముఖం నిండా నవ్వు.

"బాగున్నారా నెరిస్ గారూ?"

"బాగుంటే మిమ్మల్నెందుకు పిలుస్తాను?"

నవ్వు సగంలో ఆగింది. "అదీ నిజమే. బూట్లు విప్పనా?"

"విప్పకపోతే నేల తుడిచేది మీరే."

విప్పాడు. మాబ్లి వంగి చూసింది. "కరెంటంకుల్, నీ సాక్సుకి చిల్లుంది."

"గాలాడ్డానికి పెట్టించుకున్నానమ్మా."

"అబద్ధం."

"అచ్చం మీ అమ్మే," అన్నాడు, నెరిస్ వైపు చూడకుండా.

ముందు ఇన్వర్టర్ ఆపాడు. ఆ తర్వాత అటక మెట్లెక్కాడు. వెనకే నెరిస్.

"ఇప్పుడు తీగలో కరెంటు లేనట్టేనా?"

"ఉందండీ. వెలుతురున్నంతసేపూ ప్యానెల్ కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది. సూర్యుడికి స్విచ్చి లేదుగా."

"మా అమ్మాయికీ లేదు."

నవ్వబోయి, టార్చి వెలుగులో ఏదో చూసి ఆగిపోయాడు. వేలితో కేబుల్ వెంట తడుముతూ కప్పుదాకా వెళ్ళాడు. మాట్లాడకుండా కిందికి దిగి, నిచ్చెన వేసుకుని, బయటినుంచి కప్పెక్కి చూసొచ్చాడు. తిరిగొచ్చేసరికి మనిషి మారిపోయాడు.

"కప్పు మీదికి ఈమధ్య ఎవరైనా ఎక్కారా?"

"గాలి ఎక్కింది," అన్నాడు మెట్ల కిందనుంచి తాతయ్య.

టెగిడ్ మెట్ల వైపు ఒక్క క్షణం చూశాడు. తర్వాత నెరిస్‌తో నెమ్మదిగా చెప్పాడు. "తీగ రెండు పలకల మధ్య నలుగుతోంది. గాలికి పలక లేచి పడినప్పుడల్లా దాని అంచు రంపంలా కోస్తోంది. మీకు వినిపించే చప్పుడు అదే. పైతోలు తెగింది. లోపలి రాగి కనిపిస్తోంది."

నెరిస్ చూపు కిందికి మళ్ళింది. మంచం మీద మాబ్లి కుందేలు బొమ్మ వెల్లకిలా పడి ఉంది.

"అలా పలకల సందులోంచి లాగొచ్చా?"

"లాగకూడదు. తీగకి దాని దారి దానికుండాలి. పదునైన అంచు తగలకూడదు, మీద బరువు పడకూడదు. వైరింగ్ నిబంధనల్లో మొదటి పాఠమే అది."

"మరి మొదటి పాఠం రోజు మీరు బడి ఎగ్గొట్టారా?"

టెగిడ్ నోరు తెరిచాడు. మళ్ళీ మెట్ల వైపు చూసి మూసుకున్నాడు.

"ఏడాది తనిఖీకి ఏప్రిల్లో ఒకసారి వచ్చి చూసి ఉండాల్సింది. రాలేదు. అది నా తప్పే."

"తప్పా! చెంచా కింద పడేస్తే తప్పంటారు. నా కూతురు దీని కింద పడుకుంటోంది. రోజూ! నేను చప్పుడు వింటూ పిచ్చిదాన్నేమోనని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. మీరేమో నవ్వుకుంటూ వచ్చి బాగున్నారా అంటారు!"

అతను తల వంచుకుని అంతా విన్నాడు. ఒక్క మాట ఎదురాడలేదు. ఎదురాడితే బాగుండునని కూడా అనిపించింది నెరిస్‌కి. గోడని తిట్టినట్టుంది.

అంత వానలోనూ కప్పెక్కి, వెలుతురు తగలకుండా ప్యానెళ్ళ మీద టార్పాలిన్ కప్పి బిగించాడు. దెబ్బతిన్న తీగ విప్పేసి, పలక తీసిన చోట వాన దిగకుండా మూశాడు. తీసిన పలకా, చెత్తా చెదారం బకెట్లో వేసి గుమ్మం పక్కన పెట్టాడు.

"రేపు కొత్త తీగ తెచ్చి..."

"రేపు వేరేవాళ్ళని పంపించమనండి."

"సరే." బూట్లు తొడుక్కుంటూ ఆగాడు. "ఎండొచ్చినా టార్పాలిన్ తియ్యకండి. ఇక పాపకి భయం లేదు. నన్ను నమ్మకపోయినా ఆ మాట నమ్మండి."

వానలో అతని వ్యాను మలుపు తిరిగేదాకా నెరిస్ తలుపు దగ్గరే నిలబడింది. కోపంతోనే. అలాగని తనకి తాను చెప్పుకుంది.

చీకటి పడకముందు బకెట్లో చేరిన వాన నీళ్ళు పారబొయ్యబోతే, అడుగున రాగి పట్టీ ఒకటి తగిలింది.

కప్పు మధ్యలో పలక మార్చాలంటే మేకు కొట్టడం కుదరదు, పై వరస అడ్డం. అందుకని సందులో రాగి పట్టీ దిగ్గొట్టి, పలకని దాని మీదుగా పైకి తోసి, పట్టీ కొసని పలక అంచు మీదికి మడుస్తారు. అందరూ ఒక్క మడతే వేస్తారు. గ్విలిమ్ మాత్రం రెండు మడతలు వేసి మూలని బొటనవేలితో నొక్కుతాడు. చిన్నప్పుడు నిచ్చెన కింద కూర్చుని ఆ పట్టీలు అందించింది నెరిసే.

ఆమె చేతిలో ఉన్న పట్టీకి రెండు మడతలున్నాయి. మూల నొక్కి ఉంది. ఆ చోట తీగ కోసం టెగిడ్ పెట్టిన సీసం గొట్టం ఒకటి ఉండేదని అప్పుడు గుర్తొచ్చింది.

వంటింట్లోకి వెళ్ళి పట్టీని తాతయ్య టీ కప్పు పక్కన పెట్టింది.

"టెగిడ్ పెట్టిన సీసం గొట్టం ఎక్కడ తాతయ్యా?"

ఆయన పట్టీని వేలితో తిప్పి చూశాడు. "షెడ్లో. గోనెసంచిలో."

"కప్పెక్కావా?"

"ఒక్కసారే. పోయినేడు వేసవిలో. నువ్వు బడికెళ్ళాక."

"ఈ వయసులో! ఎవరికీ చెప్పకుండా! పడితే?"

"నా కప్పు మీంచి నేను పడనే అమ్మాయ్." గొంతు తగ్గింది. "శుభ్రమైన పలకకి కన్నం కొట్టి, రోగి ముక్కులో గొట్టం పెట్టినట్టు పెట్టాడు. వీధిలోకి వెళ్తే అదే కనిపించేది. కంట్లో నలుసులా. తీసేసి, మంచి పలక వేసి, తీగని సందులోకి తోశాను. రాయి సంగతి నాకు తెలుసు. తీగ సంగతి తెలియదు. పిల్ల పడుకునే చోటు..."

ఆయన చేతిలో చెంచాని సాసర్‌లో పెట్టేశాడు. నెరిస్‌కి అరవాలని ఉంది. ఆ చేతిని పట్టుకుంది.

"వాడు చెప్పేశాడా?" అన్నాడు.

"లేదు. అన్ని మాటలన్నా చెప్పలేదు."

తాతయ్య కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నాడు. "వాడిలాంటి సముద్రపొడ్డు హార్లెక్‌వాళ్ళకి ఇసుక తప్ప ఏం తెలుసనుకున్నాను," అన్నాడు చివరికి. "ఫోన్ చెయ్యి. నాకు మొహం చెల్లదు. నువ్వే చెయ్యి."

చేసింది.

"వేరేవాళ్ళని పంపించొద్దు."

"ఎవరండీ?"

"ఎవరో తెలియదా?"

"తెలుసు. ఇంకోసారి వినాలని."

నెరిస్ ఫోన్ పెట్టేసింది. పెట్టేశాక నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు చిరాకేసింది.

మర్నాడు వాన లేదు. బ్లైనైలో వాన లేకపోతే జనం ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటారు.

టెగిడ్ వచ్చేసరికి తాతయ్య పెరట్లో పీట వేసుకుని, కొత్త పలక ఒకటి ఒళ్ళో పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. పక్కనే గోనెసంచిలోంచి తీసిన సీసం గొట్టం.

"ఎంత లావు కన్నం కావాలి?"

"నేను కొడతాను తాతగారూ..."

"నువ్వు కొడితే పగులుతుంది. రాయికి బలం కాదు, ఓపిక కావాలి. అసలు ఆ నిబంధనలు రాసినవాడు ఎప్పుడైనా కప్పెక్కాడా?"

"ఎక్కి, జారిపడ్డాకే రాసుంటాడు తాతగారూ."

తాతయ్య మూతి బిగించాడు కానీ నవ్వు ఆపుకోలేకపోయాడు. ఉలి పెట్టి, సుత్తితో మెల్లగా, రాయి బెదరకుండా, తన చేత్తోనే కన్నం పెట్టాడు. ఊపిరి బిగబట్టి చూస్తున్న నెరిస్‌కి ఎందుకో కళ్ళు చెమర్చాయి.

కప్పు మీద సీసం గొట్టం కూర్చుంది. తీగ దాని మూతిలోంచి ఏ అంచూ తగలకుండా లోపలికి వచ్చింది. అటకలో టెగిడ్ ఇనుప గొట్టం బిగిస్తుంటే నెరిస్ రెండో కొస పట్టుకుంది.

"బయట తీగని కిందికి వంచి వదిలారేం? పొడవెక్కువైందా?"

"వాన తీగ వెంట జారుతుంది కదా. ఆ వంపులో కిందికి కారిపోతుంది, ఇంట్లోకి రాదు. బిగించి లాగితే నీళ్ళు నేరుగా పాప మంచం మీదికే."

"ఈ ఇనుప గొట్టం?"

"ఎలుక కొరక్కుండా. ఎవరూ తెలియక మేకు దించకుండా."

పగలంతా లోపల కరెంటు ఉంటుందని రాసిన పసుపు స్టిక్కరు మాబ్లి అంటించింది. వంకరగా. ఎవరూ సరిచెయ్యలేదు. పని అయిపోవచ్చిందని పాప తాతయ్యకి చెప్పడానికి కిందికి పరిగెత్తింది.

"నిన్న చెప్పొచ్చుగా," అంది నెరిస్, "ఎవరు చేశారో."

"చెబితే మీరు తాతగారిని అనేవాళ్ళు. నన్నంటే నేను ఇంటికి పోయి మర్చిపోతాను. ఆయన ఆ కప్పు కిందే ఉండాలి కదా."

"మర్చిపోయారా?"

"లేదు."

గొట్టం మీద ఇద్దరి చేతుల మధ్య జానెడు దూరం.

"ఏప్రిల్లో రాకపోవడం మాత్రం నా తప్పే," అన్నాడు. "మీ ఇంటికి రావాల్సిన రోజు వచ్చినప్పుడల్లా వాయిదా వేశాను."

"ఎందుకు?"

"వస్తే కప్పు చూడకుండా మిమ్మల్ని చూస్తానని."

"చూస్తే?"

"పైనుంచి పడతానని."

నవ్వు పెదవి దాకా వచ్చింది. అంతలోనే మంచం కనిపించింది, కుందేలు బొమ్మ కనిపించింది. "నీ సిగ్గుకి నా కూతురు కాలిపోయేది టెగిడ్."

"తెలుసు." అతని ముఖం పాలిపోయింది. "నిన్నటినుంచి అదే ఆలోచన. క్షమించమని అడగను. ప్రతి ఏప్రిల్లోనూ వస్తాను. నా మొహం చూడాలని ఉన్నా లేకపోయినా వస్తాను."

కప్పు మీద చినుకు పడింది. ఇంకోటి. ఇద్దరూ చెవులు రిక్కించి విన్నారు. వాన జోరందుకుంది, గాలి లేచింది. టిక్కుమన్న చప్పుడు లేదు. రాయి మీద వాన పాట తప్ప ఏమీ లేదు.

నెరిస్ గొట్టం మీద చెయ్యి జరిపింది. జానెడు దూరం లేకుండా పోయింది.

"ఏప్రిల్ దాకా ఆగాలా?" అంది.

టెగిడ్ చేతిలోంచి స్క్రూ ఒకటి జారి మంచం కిందికి దొర్లిపోయింది. ఇద్దరూ వెతకలేదు.

"అమ్మాయ్!" కిందనుంచి తాతయ్య కేక. "కన్నమంటూ పెట్టాక, కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకడుండాలి. ఆదివారం భోజనానికి రమ్మను. గొర్రె మాంసం వండుదాం."

"కన్నం చూడ్డానికి ఆదివారం ఎందుకు తాతయ్యా?"

"కన్నానికి వారాలేమిటే! రమ్మను!"

వచ్చాడు. ఆ ఆదివారం, ఆ పై ఆదివారం, మధ్యలో ఆదివారం కాని రోజుల్లో కూడా. వచ్చే జూన్‌లో ఊరి చాపెల్ చర్చిలో పెళ్ళి. ఆ రోజు ఊరేగింపు దారి ఇంటి ముందునుంచే పోవాలని తాతయ్య పట్టు. వచ్చినవాళ్ళందరికీ సీసం గొట్టం చూపించాలట.

మాబ్లి అటకలో హాయిగా నిద్రపోతోంది. నెరిస్ కూడా. కానీ అప్పుడప్పుడు మెలకువ వచ్చి, తడి పలకల మీద ఒంటరిగా పాకుతున్న ముసలాయన కళ్ళలో మెదిలితే, లేచి వెళ్ళి ఆయన గది తలుపు సందులోంచి చూసొస్తుంది. నిప్పు భయం పోయినా ఈ భయం మిగిలింది.

మీకూ అలాంటి పెద్దాయన ఒకరు ఉండే ఉంటారు. నాకేం, రాయిలా ఉన్నాను అనేవారు, మీరు పనికెళ్ళగానే నిచ్చెన వేసుకునేవారు. ఫోన్లో అడక్కండి, నిజం చెప్పరు. ఈ సాయంత్రం ఒకసారి వెళ్ళి చూసి రండి. ఆయన బూట్ల అడుగున కప్పు మీది నాచు ఉందేమో కూడా చూడండి.