పదహారు నక్షత్రాల స్వెటర్

నార్వేలోని బెర్గెన్‌లో వాన పట్టుకుని ఆ రోజుకి తొమ్మిది రోజులు. మెట్లెక్కి వచ్చిన పదహారేళ్ల పిల్ల గొడుగు మడవడం కూడా మరిచిపోయి, గుమ్మంలోనే "నన్ను దొంగంటున్నారండీ!" అంది.

ప్రైవేట్ డిటెక్టివ్ తోర్దిస్ మొదట కుర్చీ చూపించి, తర్వాత కాఫీ పోసింది. ఏడుస్తున్నవాళ్లని ప్రశ్నలడగడం ఆమెకి గిట్టదు. తపాలా శాఖలో పదవీ విరమణ చేసి ఆమె దగ్గర సహాయకుడిగా చేరిన అస్గేర్ నోట్‌బుక్ తెరిచాడు. తోర్దిస్ నోట వచ్చే ప్రతి మాటా శిలాశాసనమని ఆ పెద్దమనిషి నమ్మకం.

పిల్ల పేరు ఇంగున్. చిన్ననాటి స్నేహితుడు ఎస్కిల్‌తో కలిసి స్కూళ్లలో జరిగే పాత సామాన్ల సంతల్లో బట్టలు ఏరి, బాగుచేసి, యాప్‌లో అమ్ముతుంది. రెండేళ్లలో ఒక్క మచ్చ లేదు. కిందటి వారం చేత్తో అల్లిన ముదురు నీలం ఉన్ని స్వెటర్ ఒకటి మారిత్ అనే నర్సు కొంది. పార్సిల్ విప్పితే ఆరేళ్ల పిల్లకి పట్టే స్వెటర్ బయటపడింది! ఆమె మోసమని ఫిర్యాదు చేసింది. శనివారంలోగా నిజం తేలకపోతే ఖాతా మూసేస్తామని యాప్‌వాళ్లు రాశారు.

"పార్సిల్ కట్టిందెవరు?" అని అడిగింది తోర్దిస్.

"ఎస్కిల్." ఇంగున్ తల దించుకుంది. "ఫొటోలు నావి, ప్యాకింగ్ వాడిది. పెద్దది ఇంకెవరికో అమ్ముకున్నావా అని మొహమ్మీదే అనేశానండీ. నాలుగు రోజులైంది మాటల్లేక. ఖాతా పోతే పోయింది, వాడు చెయ్యలేదని తేలాలి."

తోర్దిస్ ఇంగున్ ఫోన్‌లో స్వెటర్ ఫొటోలు పెద్దవి చేసి చూసింది. ఛాతీ మీద ఎనిమిది మొనల నక్షత్రాలు వరసగా ఉన్నాయి. ముందు ఎనిమిది, వెనక ఎనిమిది. ఎందుకో తెలియకపోయినా అస్గేర్ ఆ లెక్క రాసుకున్నాడు.

మారిత్ ఇల్లు కొండవాలులో ఉంది. భర్త సముద్రంలో చమురు బావి దగ్గర పనిచేస్తాడు. కింది వాటాలో అత్తగారు గున్‌వర్ ఉంటుంది. ముప్ఫై ఒక్కేళ్లుగా ఆ పేట అల్లిక సంఘానికి ఆవిడే అధ్యక్షురాలు.

"పార్సిల్ కిందటి శుక్రవారం వచ్చింది. నేను డ్యూటీలో ఉంటే అత్తయ్య తీసుకున్నారు. శనివారం సాయంత్రం నేను విప్పాను," అంది మారిత్.

అట్టపెట్టెని తిప్పి చూసి, "రెండు పొరల టేపు," అని గొణిగాడు అస్గేర్. "కింద కాగితం టేపు, పైన ప్లాస్టిక్‌ది. తపాలాలో ఇలా వెయ్యం."

అంతలో గున్‌వర్ వేడి వాఫిల్స్ పళ్లెం తెచ్చింది. మీద కప్పిన తెల్లటి గుడ్డ అక్కడక్కడ నీలంగా ఉంది.

"స్వెటర్ మీరూ చూశారా?" అని ఆవిణ్ణి అడిగింది తోర్దిస్.

"ముట్టుకోగానే చెప్పా, ఇది చిన్నపిల్ల కోసం అల్లిందని. అరవై ఏళ్లుగా సూదులు పట్టినదాన్ని, ఆమాత్రం తెలీదూ?"

"మా అత్తయ్య మాటకి తిరుగులేదండీ," అని నవ్వింది మారిత్. "పదకొండేళ్ల కిందట నేను మా ఆయన ఉన్ని మేజోళ్లు వేణ్ణీళ్లలో వేసి పాడుచేశానా, ఆ కథ ఇప్పటికీ ప్రతి పుట్టినరోజుకీ కేకుతో పాటు వడ్డిస్తారు."

"ఉన్నిని చలిగాలికి ఆరెయ్యాలి గానీ ఉతుకుతారుటే!"

"ఈ వానలో ఎక్కడ ఆరేస్తారు?" అని మెల్లగా అడిగింది తోర్దిస్.

"చల్లారిపోతాయి, తినండి," అంది గున్‌వర్.

తోర్దిస్ స్వెటర్ అందుకుంది. నక్షత్రాల మీద వేలు పెట్టి చుట్టూ లెక్కపెట్టింది. అంచు రెండు వేళ్లతో నొక్కి చూసింది. తర్వాత వాఫిల్స్ రెండు తింది.

మర్నాడు శుక్రవారం అందరినీ మారిత్ ఇంట్లోనే కూర్చోబెట్టింది. ఇంగున్, ఎస్కిల్ సోఫాకి చెరో చివర కూర్చున్నారు.

"స్వెటర్‌ని ఎవరూ మార్చలేదు. ఇది అదే," అంది తోర్దిస్. "చిన్నపిల్లల స్వెటర్‌కి చుట్టూ పది నక్షత్రాలు చాలు. దీనికి ఫొటోల్లో ఉన్నట్టే పదహారున్నాయి. నక్షత్రాలే చిన్నవయ్యాయి. మొదటే సన్నటి దారంతో చిన్నగా అల్లి ఉంటే పల్చగా ఉండాలి, ఇదేమో కంబళిలా మందంగా ఉంది. వేణ్ణీళ్లలో పడి కుంచించుకుపోయింది."

"అయితే పిల్లలే ఉతికి పంపారేమో?" అంది మారిత్.

"ఎస్కిల్, నువ్వు ఏ టేపు వాడతావు?"

"కాగితం టేపే. ప్లాస్టిక్‌ది కొననే కొనను."

"అంటే పార్సిల్‌ని దారిలోనో ఇక్కడో విప్పి మళ్లీ అంటించారు. ఎక్కడన్నది ఒక మాట పట్టించింది. కుంచించుకుపోయిన ఉన్నిని మనం పోల్చుకోలేం. అరవై ఏళ్లు సూదులు పట్టిన మనిషి ముట్టుకోగానే పోల్చుకుంటారు. అయినా చిన్నపిల్ల కోసం అల్లిందన్నారు. తెలియక అనే అవకాశం లేదు గున్‌వర్‌గారూ. వాఫిల్స్ మీద గుడ్డకి అంటిన నీలం కూడా, కలిపి ఉతికినప్పుడు ఆ స్వెటర్ నుంచి దిగిన రంగే."

గున్‌వర్ ముఖం జేవురించింది.

"కలరా ఉండల కంపు కొట్టింది," అంది చివరికి. "కోడలు వచ్చేసరికి శుభ్రంగా ఉంచుదామని విప్పా. బయట వాన. కొత్త మెషిన్లో ఉన్ని గుర్తు మీదే తిప్పాననుకున్నా, కళ్లద్దాలు పెట్టుకోలేదు. అరవై డిగ్రీలు! తీసి చూసేసరికి గుండె ఆగినంత పనైంది. ఆరబెట్టి మళ్లీ కట్టేశా. డబ్బు తిరిగొస్తుందిలే అనుకున్నా. అమ్మింది పిల్లలని తెలిశాక చెబుదామంటే నోరు పెగల్లేదు. మేజోళ్లకి నిన్ను అన్నన్ని మాటలన్నదాన్ని, ఏ మొహం పెట్టుకుని చెప్పను మారిత్?"

మారిత్ కాసేపు కోపంగానే చూసింది. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది. "అయితే మేజోళ్ల కథ ఇక బందేనా అత్తయ్యా?"

"బందే తల్లీ."

మారిత్ అక్కడే ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. గున్‌వర్ అంతటితో ఊరుకోలేదు. కళ్లద్దాలు పెట్టుకుని, పిల్లల అంగడి పేజీలో అందరికీ కనబడేలా ఒక్కో అక్షరం వెతికి కొట్టింది: "నేను గున్‌వర్‌ని. అల్లిక సంఘం అధ్యక్షురాలిని. మంచి స్వెటర్‌ని అరవై డిగ్రీల్లో ఉతికి పాడుచేసింది నేను. అబద్ధమాడిందీ నేనే. ఈ పిల్లలు నిజాయితీపరులు." సంఘంలోని నలభై మందీ చదువుతారని తెలిసే రాసింది. అస్గేర్ లేచి నిలబడి ఆవిడకి గౌరవంగా టోపీ తీశాడు.

బయట వాన తగ్గలేదు. మెట్ల మీద ఇంగున్, "తప్పయిందిరా," అంది.

"అడిగుంటే చెప్పేవాణ్ణి," అన్నాడు ఎస్కిల్. "నువ్వు అడగలేదు, అనేశావు."

"అవును."

సాకు ఏదీ ఆమె చెప్పలేదు. ఎస్కిల్ నాలుగు మెట్లు దిగి ఆగాడు.

"రేపు సంత ఏడింటికి. ఆరున్నరకల్లా వచ్చి మా బెల్లు కొట్టు. నువ్వు రాకుండా నేను బయల్దేరను."