రాగి నీళ్ళలో సున్నం

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేక ఊగిసలాడుతోంది. సాగర్ దిక్కున మబ్బు నల్లగా కమ్ముకుంది, దేవరకొండ గుట్ట మీద మాత్రం పలచని ఎండ. బత్తాయి తోటకు మందు కొట్టాలా వద్దా అని సైదులు మెడ పట్టేసేదాకా పైకి చూశాడు.

"మబ్బు మొకం సూస్తే పనైతదారా? కొట్టంల మందు కలిపి వెట్టిన. కత్తి ముంచి సూడు, ఎర్రగైతే ఇంత సున్నం పొయ్యి," అని కేకేశాడు తండ్రి జంగయ్య.

బత్తాయి పెట్టిన ప్రతివాడికీ తెలిసిన పరీక్షే అది. మైలుతుత్తంలో సున్నం చాలకపోతే, ముంచిన కత్తికి రాగి పడుతుంది. ఆ మందు అట్లాగే కొడితే ఆకు మాడుతుంది.

కొట్టంలో మూత పెట్టిన ప్లాస్టిక్ తొట్టి కనిపించింది. మూత తీశాడు. నీలం నీళ్ళు, అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. నాయిన సున్నం వెయ్యడమే మరిచాడనుకుని కత్తి ముంచాడు. రెప్పపాటులో కత్తి సిగ్గుపడ్డట్టు ఎర్రబడింది. పక్కనున్న సున్నపు బకెట్ ఎత్తి గుమ్మరించాడు.

తొట్టి బుస్సుమంది. ఆవిరి లేచింది, చుక్కలు చిమ్మాయి.

"అయ్యో! ఏం జేస్తున్నవ్?"

గడపలో ఒక అమ్మాయి. నుదుటి మీదికి నెట్టిన పెద్ద కళ్ళద్దాలు, మోచేతుల దాకా ఎర్ర రబ్బరు గ్లౌజులు. జవాబు కోసం ఆగలేదు. అతని మణికట్టు పట్టి లాక్కెళ్ళి నల్లా కింద పెట్టింది.

"కండ్లల్ల పడ్డదా?"

"లే."

"చెయ్యి మండుతుందా?"

"లే."

"మాటలొస్తయా నీకు?"

"ఆ."

కొల్లాపూర్ నుంచి బదిలీ మీద వచ్చి, వాళ్ళ ఇంటి పక్క వాటాలో మొన్ననే కిరాయికి దిగిన సర్కారు దవాఖాన నర్సమ్మ కౌసల్య. ఆమె కూతురు ఈ స్నిగ్ధ. కొట్టంలో సగం జాగా వాళ్ళకు ఇచ్చిన సంగతి జంగయ్యకు తెలుసు, సైదులుకు తెలియదు.

"అండ్ల యాసిడ్ ఉంది! సున్నం పోస్తే ఉడుకదా?"

"బత్తాయి మందనుకున్న."

"మూత మీద రాయకపోవుడు నా తప్పే. అయినా అడగవా? మీ నాయిన మందు ఆ మూల డ్రమ్ముల ఉంది. ఇది ఎలక్ట్రోఫార్మింగ్ చేసే నీళ్ళు. ఆకుకు కరెంటు పెట్టి రాగి పట్టిస్త."

"ఆకుకు రాగెందుకు?"

"చెవులకు పెట్టుకుంటందుకు!"

పిల్లకు మతి సరిగా లేదేమో అనుకున్నాడు సైదులు. కళ్ళు మాత్రం చాలా బాగున్నాయి.

స్నిగ్ధ తొట్టిలో విరిగిన పెరుగులా తేలుతున్న నీలం ముద్దను చూసి కూలబడింది. "రేపు నల్లగొండల మహిళా సంఘాల ఎగ్జిబిషన్. పొద్దుగాల వ్యాన్ వస్తది. పెట్టెతందుకు ఒక్క కమ్మల జతన్న లేకపోతె హైదరాబాద్ల మామ దగ్గరికి పొమ్మంది అమ్మ. ఆయన ఆఫీసుల కూసుండి ఫోన్లెత్తాలె."

సైదులు తడి చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. "ఏమేం గావాలె?"

"దేనికి?"

"మళ్ళ కలుపుదాం."

బత్తాయిలు మోసే ట్రాలీ ఆటోలో ఇద్దరూ దేవరకొండ బయలుదేరారు. తుంపర మొదలైంది. వెనకనుంచి సైకిల్ మీద వచ్చిన ముసలాయన వాళ్ళను దాటిపోయాడు.

"ఇంత మెల్లగెందుకు పోతున్నవ్?"

"యాసిడ్ ఉంటది గద."

"ఇంకా కొననేలేదు!"

సైదులు చెవులు ఎర్రబడ్డాయి. స్నిగ్ధ రోడ్డు వైపు తిరిగి నవ్వు ఆపుకోబోయింది, ఆగలేదు.

బ్యాటరీల దుకాణంలో యాసిడ్, డిస్టిల్డ్ వాటర్ తీసుకున్నారు. యాసిడ్ డబ్బాను ఇసుక బకెట్లో నిలబెట్టి ట్రాలీకి తాడుతో కట్టించింది ఆమె. మోటార్లకు వైరు చుట్టే దుకాణంలో దళసరి రాగి రేకు దొరికింది. తిరిగొచ్చాక గాలి ఆడేటట్టు చూరు కింద కొత్త తొట్టి పెట్టారు. కుక్కను తరిమారు, యాసిడ్ చిందితే చల్లడానికి సోడా పొడి డబ్బా చేతికందేలా ఉంచారు. సైదులుకు ఇంకో జత కళ్ళద్దాలు తగిలించింది.

"కప్పలెక్క ఉన్నవ్."

"నువ్వు?"

"నేను గూడ కప్పనే. ముందు నీళ్ళు. నీళ్ళల్ల యాసిడ్ పోయాలె, యాసిడ్ల నీళ్ళు పొయ్యొద్దు."

"పోస్తే?"

"పొద్దుగాలటి కంటె ఎక్కువ ఎగుస్తది."

సైదులు ఊపిరి బిగబట్టి సన్నని ధారగా పోశాడు. ఆమె కలుపుతూ ఉంది. తొట్టి వేడెక్కగానే "ఆగు" అనేది, ఆగేవాడు. చల్లారాక తోటకు తెచ్చిన మైలుతుత్తాన్ని వేడినీళ్ళలో కరిగించి, గుడ్డలో వడకట్టి కలిపారు.

"పాడైన ముద్దను తోటల పారబోద్దామా?"

"నీ చెట్లను నువ్వే సంపుకుంటవా? మూతేసి పెట్టు. పారబోసేది కాదది."

ముందే వార్నిష్ వేసి, కరెంటు పారేందుకు నల్లని గ్రాఫైట్ పూసి పెట్టుకున్న బత్తాయి ఆకులను తీగకు కట్టి నీళ్ళలోకి దించింది. ఒక తీగ ఆకులకు, ఒకటి రాగి రేకుకు. చిన్న కరెంటు పెట్టె మీట తిప్పింది. రేకుల కప్పు మీద వాన దంచుతోంది. ఇద్దరూ తొట్టి మీదికి వంగారు. ఏమీ కాలేదు.

"జర పెంచరాదూ?"

"పెంచితే మాడి గరుకైతది. మెల్లగ పడితేనే నున్నగొస్తది."

తీగ తగిలిన చోట ఒక గులాబీ చుక్క పుట్టింది. అది ఈనె వెంట పాకింది.

"పట్టింది!" స్నిగ్ధ అతని భుజం పట్టి ఊపింది. "సైదులూ, పట్టిందిరా!"

అంతలో వెనక దగ్గు వినిపించింది. గొడుగు పట్టుకుని కౌసల్య నిలబడి ఉంది. కప్పల్లా ఉన్న ఇద్దరినీ, కూతురి చెయ్యి ఉన్న భుజాన్నీ చూసింది. "రేపు పొద్దుగాల సూస్త," అని మాత్రం అని లోపలికి వెళ్ళింది. కానీ ఆ రాత్రి కూతురితో వంతులేసుకుని తొట్టిని కాచిందీ ఆమే.

తెల్లారేసరికి సైదులు అక్కడున్నాడు. స్నిగ్ధ ఆకులను తీసి కడిగి అరచేతిలో పరిచింది. ఈనెలన్నీ అట్లాగే ఉన్నాయి, పురుగు కొరికిన చిన్న బెజ్జం కూడా. మొత్తం రాగి.

సైదులు ఒక ఆకు ఎత్తి ఆ బెజ్జంలోంచి చూశాడు. "ఇవి బాగలేవని మీ అమ్మ అంటే?"

"పోత. ఈ కొట్టం వేరేటోళ్ళకు కిరాయికిచ్చుకో."

"ఇయ్య."

"ఎందుకియ్యవ్?"

సైదులుకు మాట పైకి తేవడం ఎద్దును బావిలోంచి లాగినంత కష్టమైంది. "నువ్వుండాలె."

స్నిగ్ధ నోరు తెరిచింది. తల మాత్రం ఊపింది.

కౌసల్య వచ్చింది. ఒక ఆకును వెలుతురుకు పట్టి తిప్పి తిప్పి చూసింది, వేలితో అంచు తడిమింది. కొంగుతో తుడిచి కూతురి చెవి దగ్గర పెట్టి చూసింది. తర్వాత ఫోన్ తీసి అన్నకు కలిపింది. "అన్నా, పిల్ల అటు రాదు. ఈడనే పనుంది దానికి."

స్నిగ్ధ గంతేసింది.

"ఎగిరింది చాలు. వ్యాన్ వచ్చేలోపు చేతులు కడుక్కొని తినుండ్రి."

గోడవతల ఎప్పటినుంచి ఉన్నాడో, జంగయ్య తువ్వాలతో తల తుడుచుకుంటూ వచ్చాడు. కొడుకును ఒకసారి చూశాడు, స్నిగ్ధను ఒకసారి చూశాడు. అప్పటిదాకా కౌసల్యను "నర్సమ్మా" అనే పిలిచాడు.

"నాకు గూడ ఇంత పెట్టు చెల్లే," అన్నాడు.

చెల్లె కూతురు కొడుక్కి ఏమవుతుందో అక్కడ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. కౌసల్య గరిటె పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. ఆయనకు పీట వేసి నాలుగో పళ్ళెం తెచ్చింది.

జొన్న రొట్టెలు, వేడి వేడి టమాట కూర. స్నిగ్ధ తన రొట్టె సగం తుంచి సైదులు పళ్ళెంలో వేసింది. తల్లి చూసింది, జంగయ్య చూశాడు. సైదులు తల ఎత్తకుండా ఆ ముక్కే ముందు తిన్నాడు.