చెయ్యి వదలని కణాలు

మొన్న రొయ్య ముల్లు దిగిన నూకరత్నం వేలు అప్పుడే మానిపోయింది. డాక్టరు వాణీప్రియ ఆ వేలిని వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. ఊళ్లో ఎవరికి చిన్న గీత పడినా నెలల తరబడి పచ్చిగానే ఉంటోంది. ఆపరేషన్‌కి వెళ్లినవాళ్లలో సగంమంది తిరిగి రావడం లేదు. ఈ షెడ్డులో రొయ్యలు ఒలిచే నలభైమంది ఆడవాళ్లకు మాత్రం గాయాలు మానిపోతున్నాయి.

"మా చేతులు మంచియి, డాక్టరమ్మా," అంది నూకరత్నం గర్వంగా.

"మా అక్క రొమ్ములో గడ్డక్కూడా ఆరేళ్లొచ్చాయి. ఇంక బళ్లో వెయ్యాలి," అంది పక్కపీట మీది తోడికోడలు ఎరకమ్మ. షెడ్డంతా ఘొల్లుమంది.

గడ్డ గురించి అలా నవ్వుకునే కాలం అది. పదేళ్లు నిండగానే అందరికీ ఎడమ మణికట్టు చర్మం కింద బియ్యపుగింజంత కణబంధిని పెడతారు. ఒంటి పొరల్లో కణాలు గోడలో ఇటుకల్లా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. క్యాన్సరు ముదిరితే కొన్ని ఆ పట్టు వదిలేస్తాయి. దారప్పోగుల్లా సాగి, పాకి, నెత్తుట్లో దిగి మరోచోట కాపురం పెడతాయి. ప్రాణం తీసేది ఆ ప్రయాణమే. కణబంధిని వాటిని పట్టు వదలనివ్వదు. అందుకే గడ్డ ఉన్నచోటే రాయిలా పడి ఉంటుంది, ఎవరూ కోయించుకోరు.

వాణీప్రియ చూపు నూకరత్నం ఎడమచేతి మీద ఆగింది. అది మోచేతి దాకా ఐసు తొట్టిలో ఉంది.

"రోజూ ఇలాగేనా?"

"ఐసులోంచి తియ్యకపోతే రొయ్య మెత్తబడిపోద్ది కదమ్మా. పదిగంటలూ ఇందులోనే."

డాక్టరు జేబులోంచి కణబంధిని బలం కొలిచే పరికరం తీసి, తొట్టిలోకి దించి మణికట్టుకి ఆనించింది. ఆసుపత్రి గదిలో ఎప్పుడూ నూరు చూపించేది, ఇక్కడ సున్నా చూపించింది.

"ఒక్కసారి నాతో రా, నూకరత్నం."

ఆసుపత్రిలో పరీక్ష అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. వాణీప్రియ తెర మీద ఊపిరితిత్తుల్లోని మూడు చుక్కలు చూపించింది.

"గాయం మీద కొత్త చర్మం అల్లుకోవాలన్నా కణాలు పట్టు వదిలి పాకాలమ్మా. మేము దాన్ని కూడా ఆపేశామని ఇన్నాళ్లూ తెలుసుకోలేదు. చలికి నీ బంధిని నిద్రపోయింది. వేలు మానింది. గడ్డా కదిలింది."

"మిగతావాళ్లకో?"

"గడ్డలున్నవాళ్లంతా రేపే రావాలి. ఇక ఐసులో చెయ్యి పెట్టొద్దని చెప్పు."

సాయంత్రం నూకరత్నం షెడ్డుకి తిరిగొచ్చేసరికి అందరూ వెళ్లిపోయారు. ఎరకమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. నూకరత్నం ఏదీ దాచకుండా చెప్పింది. ఎరకమ్మ ఆమె వీపు నిమురుతూ చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అక్కా, ఆ చెయ్యి ఐసులో పెడితే ఎవరికైనా మానుద్దా?"

"ఎవరికైనానంట. ఏం?"

"బిడ్డ అడ్డం తిరిగింది, రేపు పొద్దున్నే కొయ్యాలన్నారు మన సింహాలుకి. కోత మానకపోతే నా పిల్ల దక్కదు."

సింహాలు ఎరకమ్మ కూతురు, నూకరత్నం చేతుల మీద పెరిగిన పిల్ల. ఆ పిల్ల మెడలో నిమ్మకాయంత గడ్డ ఉంది.

"ఇందాకట్నించీ నేను చెప్పింది ఇన్నావా, ఎరకా?"

"ఇన్నాను."

"అది కదిలితే..."

"కదలడానికి ఏళ్లు పడుద్ది. నీకు ఆరేళ్లు పట్టింది. అప్పటికి దాని బిడ్డకి అన్నం కలుపుకు తినడం వస్తాది."

నూకరత్నానికి దగ్గు తెర వచ్చింది. తగ్గేదాకా గోడ పట్టుకుని నిలబడింది. తర్వాత ఖాళీ పెట్టె ఒకటి లాగి, పార అందుకుని, అందులోకి ఐసు ఎత్తడం మొదలుపెట్టింది.