సుంకమ్మ వేలిముద్ర

“నలభై మంది చచ్చిపోయినారు, మారుతీ. రికార్డుల్లో మాత్రం బతికే ఉండారు.”

ఎమ్మిగనూరు లాడ్జి గదిలో ఏజెంట్ మారుతితో అన్నాడు చీఫ్ బసవరాజు. కోసిగి మండలం నుంచి వలస పోయి, పోయినచోటే కన్నుమూసిన కూలీలు వాళ్లు. ఆ చావులు ఎక్కడా రాయలేదు. ఆ పేర్లతో ఒక విదేశీ ముఠా తన గూఢచారులకు గుర్తింపు కార్డులు పుట్టిస్తోంది. మధ్యాహ్నం పన్నెండుకు ఆదోనిలోని ఒక పత్తి జిన్నింగ్ మిల్లు నుంచి ఆ దొంగ జాబితా ప్రభుత్వ సర్వర్లో కలిసిపోతుంది. ఆ తర్వాత వాళ్లను పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

“సర్కారోళ్లు డేటాబేస్‌లు మూడు రకాలు వాడతాండారు,” అన్నాడు చీఫ్. “రిలేషనల్‌లో అన్నీ పట్టికలే, మనిషి నంబరుతో ఒకదానికొకటి ముడి. డాక్యుమెంట్‌లో ఒక మనిషి సంగతంతా ఒకే ఫైలు. గ్రాఫ్‌లో ఎవరికెవరు ఏమైతారో గీతలు. రిలేషనలే అసలుది; ఆ పట్టికలో మరణం అని రాస్తే మిగతా రెండూ దాన్నే నమ్ముతాయి. నలభై వేల పేర్లలో ఆ నలభై ఏవో మాకు తెలీదు.”

పదకొండున్నరకు పత్తి బ్రోకర్ వేషంలో మారుతి మిల్లులో అడుగుపెట్టాడు. లోపల ముందే పెట్టిన మన మనిషి జ్యోత్స్న ఎదురొచ్చింది. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు.

“తేమ ఎంత?” అన్నాడు.

“ఎనిమిది.”

కోడ్ సరిపోయింది. ఆమె అతన్ని బేళ్లు కట్టే ప్రెస్సు పక్కన, సర్కారు డేటాకు లింకున్న సర్వర్ గదికి తీసుకుపోయింది.

మారుతిది కోసిగి పక్క పల్లె. జనవరిలో అక్కడ ఇళ్లకు తాళాలే ఉంటాయి; జనం సుగ్గికి, అంటే గుంటూరు మిరప కోతలకు, పోతారు. అలాంటప్పుడు జనవరిలో ఊళ్లో రేషన్‌కు వేలిముద్ర వేసిందెవరు? రిలేషనల్ పట్టికను అదే అడిగాడు. సరిగ్గా నలభై పేర్లు లేచాయి.

ఇరవైమూడో పేరు సుంకమ్మ. అతని భార్య.

డాక్యుమెంట్ ఫైలు తెరిచాడు. ఫొటోలో అదే నవ్వు. మొన్న జనవరి పదకొండున కూడా వేలిముద్ర వేసిందట. మూడేళ్ల కిందట మిరప చేలో కుప్పకూలి ఆ మట్టిలోనే కలిసిన మనిషి! గ్రాఫ్‌లో ఆమె నుంచి బయల్దేరిన గీత ఒక్కటే, అది తన పేరు దగ్గర ఆగింది. ఆ చావును కాగితం మీద చూడలేక అతను ఏ ఆఫీసుకూ పోలేదు. ఆ సందులోనే దొంగలు దూరారు. తప్పు తనదే.

వీపుకు చల్లగా పిస్టల్ తగిలింది. వెనక జ్యోత్స్న; ముఠాకు అమ్ముడుపోయింది.

“వదిలెయ్ మారుతన్నా. ఈడైనా బతికుంటాది గదా.”

ఆ మాటకు అతని చెయ్యి నిజంగానే ఆగింది. పన్నెండుకు ఇంకా రెండు నిమిషాలు.

“కాల్చుకో,” అన్నాడు చివరికి. “ఈడ గాలి నిండా దూది పీచే. నిప్పురవ్వ పడితే నువ్వూ మిగలవు.”

మిల్లులో మసిలే మనిషికి ఆ భయం తెలుసు. ఆమె వేలు ట్రిగ్గర్ మీంచి జారింది. మారుతి మోచేత్తో పిస్టల్ ఎగరగొట్టి ఆమెను తలుపవతలికి నెట్టి గడియ పెట్టాడు.

ముప్పైతొమ్మిది పేర్లకు ఒకేసారి మరణం రాశాడు. మిగిలిన పేరుకు చావు తేదీ తెలిసింది తనొక్కడికే. మూడేళ్ల కిందటి ఆ తేదీ కొట్టాడు. “పోయిరా సుంకీ,” అంటూ నొక్కాడు. నాలుగు సెకన్లు మిగిలాయి.

‘వివరాలు సరిచేయబడ్డాయి. ధన్యవాదాలు,’ అంది స్క్రీన్. సర్కారు తరఫున సుంకమ్మ చావుకు దక్కిన పరామర్శ అదొక్కటే.