పదిహేడో సీసా

ఐర్లండ్‌లోని గాల్వేలో మెడికల్ డివైస్ సేల్స్‌మన్ వేషంలో ఉన్న ఏజెంట్ ఏలీయాకు ఉదయం తొమ్మిదిన్నరకు చీఫ్ కొండల్ రావు ఫోన్ చేశాడు.

"కీమోతో పాటు చైనా మూలికల క్యాప్సూల్స్ ఇచ్చి చూస్తున్న ట్రయల్ తెలుసుగా? విదేశీ ముఠా పదిహేడో సీసాలో విషం కలిపింది. దాని మీద కీమో ఎక్కితే లివర్ పోతుంది. ఒక్క చావుతో ట్రయల్ మూత, ఫార్ములా ముఠాపరం. సీసా జయమ్మ అనే పేషెంటుది. పట్టుకో."

ఇంటికెళ్తే జయమ్మ టీ ఇచ్చింది, బిస్కట్లు పెట్టింది, సీసా మాత్రం ఇవ్వలేదు.

"అయిపోయింది బాబూ. ఇక్కడివాళ్లు అన్నట్టు నేను గ్రాండ్‌గా, హాయిగా ఉన్నాను."

పెన్నులో దాచిన, విషాన్ని పసిగట్టే స్కానర్ ఆమె చేతికి ఆనించాడు. పచ్చలైటు. అంటే ఆమె ఆ సీసాలో మందు ముట్టనేలేదు. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. గంటసేపు వృథా అయింది. ఏలీయాకు ఒళ్లు మండిపోయింది.

బయట వానలో ఎర్రకోటు వేసుకున్న అబిగేయిల్ నిలబడి ఉంది. అందగత్తె, రెండు వైపులా పనిచేసే గూఢచారి.

"వాన తగ్గుతుందా?" కోడ్ అడిగాడు.

"గాల్వేలో వాన తగ్గడమా?" కోడ్ చెప్పింది. "సీసా ఇందుమతి ఆంటీ దగ్గరుంది. ఆదివారం ప్రార్థన అయ్యాక జయమ్మే ఇచ్చింది. ట్రయల్ మందు పంచితే పేరు తీసేస్తారని నోరు విప్పదు. ఇందుమతికి పదకొండుకి కీమో."

"ముందే చెప్పొచ్చుగా!"

"ముందే అడగొచ్చుగా."

టైం పదీ నలభై.

క్లీనర్ యూనిఫాంలో ఏలీయా వార్డులోకి దూరేసరికి నర్సు కీమో డ్రిప్ సిద్ధం చేసింది. డాక్టర్ అడుగుతున్నాడు. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?"

"నో డాక్టర్," అంది ఇందుమతి ఎంతో అణకువగా.

నర్సు చెయ్యి డ్రిప్ వదిలే క్లాంపు మీదకు వెళ్లింది. ఏలీయా మాప్ విసిరేసి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆంటీ, జయమ్మ ఆంటీ ఇచ్చిన సీసా ఏది?"

"ఏ సీసా అయ్యా?"

"మీ ప్రాణం పోతుందండీ! చెప్పండి!"

ఇందుమతి కళ్లలో నీళ్లు తిరిగాయి. హ్యాండ్‌బ్యాగు తెరిచింది. "పొద్దున రెండేసుకున్నాను. జయమ్మకు మొదటి సీసా బాగా పనిచేసిందంట. డాక్టరుగారు తిడతారని చెప్పలేదయ్యా."

సీసా మీద నంబరు పదిహేడు. స్కానర్ ఎర్రగా వెలిగింది. డాక్టర్ డ్రిప్ ఆపించాడు. ఒక్క చుక్క కూడా ఎక్కలేదు.

ఏలీయా గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు వినిపించింది చప్పుడు. వార్డులోని మిగతా నలుగురు పేషెంట్లు, డాక్టర్ వైపు చూడకుండా, మెల్లగా తమ తమ బ్యాగుల జిప్పులు తీస్తున్నారు.